కనురెప్పల ఎగ్జిమా: నేతపనివారు తెలిసికొనవలసిన విషయములు

నేతపనివానికి చేయి యెంతయో కన్నును అంతే. తెగిన పోగును వెదకి పట్టుటకు, అంచున రంగు తప్పిన చోటును గుర్తించుటకు, జరీపోగు మెలిపడినచో మరుపోటు పడకముందే చూచుటకు కన్నే ఆధారము. అట్టి కన్నుచుట్టు చర్మము ఎఱ్ఱబారి, దురదపెట్టి, పొలుసులు రాలుచు, నెలల తరబడి తగ్గుచు మరల వచ్చుచు నుండు వ్యాధి యొకటి కలదు. మనవారిలో దీనిని లెక్కచేయువారు తక్కువ. కొందరు దురదేగదా యని ఊరకుందురు. కొందరు మందుల దుకాణములో నొక ట్యూబు కొని రాచుకొందురు. ఊరకుండుటకంటె ఆ ట్యూబే ఎక్కువ కీడు చేయగలదు. ఆ సంగతిని విపులముగా చెప్పుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

బరంపురములోని పట్టునేత కుటుంబములు గోదావరీ తీరమునుండి వలసవచ్చినవని పెద్దలు చెప్పుదురు. ఒడియావారు మనలను డేరాలందురు. 1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాం ప్రాంతము ఒరిస్సా రాష్ట్రములో చేరినది. అయినను ఇండ్లలో తెలుగు మాటయు, ముంగిట మగ్గమును నిలిచియున్నవి. ఫోడాకుంభ అంచుతో నేసిన బరంపురపు పట్టుచీరకును జోడుకును భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ పనిలో విశేషమేమనగా, పట్టు ఉడికించుట, రంగు వేయుట, కండెలు చుట్టుట, నేయుట అనునవి తరచు ఒక ఇంటిలోనో, ఒక వీథిలోనో జరుగును. ఒకరు రంగు ముట్టుకొందురు. మరొకరు ఆ చిలపను చుట్టుదురు. ఇద్దరును ఒకే తువ్వాలుతో ముఖము తుడుచుకొందురు. కనుక ఒకరి పని మరొకరి కంటికి చేరుటకు మన ఇండ్లలో దూరము తక్కువ.

రెప్పకే ఏల వచ్చును?

మన దేహమునందు మిక్కిలి పలుచని చర్మము కనురెప్పది. దాని మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. అరచేతి చర్మము అంతకు ఎన్నో రెట్లు మందము. అందుచేత అరచేతికి ఏమియు చేయని పదార్థము రెప్పకు సోకినపుడు లోనికి దిగి, ఎఱుపును వాపును కలిగించును. చేతికి రంగు అంటినది, చేయి బాగుగనే యున్నది, కన్ను మాత్రము వాచినది అని ఆశ్చర్యపడువారు ఈ సంగతిని గుర్తింపవలెను. చెమట తుడుచుకొనునపుడు, నిద్రమత్తులో నలుపుకొనునపుడు, కంటిలో నలుసు పడినపుడు మన చేయి ముఖముమీదికి పోవుచునే యుండును. పోయిన ప్రతిసారియు వ్రేళ్ళకున్నదానిని కొంత అక్కడ విడిచి వచ్చును.

ఇది ఒక వ్యాధి కాదు

కనురెప్పల దురద యనునది ఒక లక్షణము. దానికి కారణములు ప్రధానముగా నాలుగు కలవు.

మొదటిది రాపిడి వలనను ఘాటు వలనను వచ్చు మంట. సబ్బు, సోడా, పుల్లని ఆవిరి, ధూళి మొదలగునవి ఎవరి చర్మమునైనను బాధించును. తగిలిన కొద్ది గంటలలోనే మంట తెలియును. కనుక కారణమును పట్టుట సులభము.

రెండవది పడకపోవుట, అనగా ఎలర్జీ. ఇది అందరికిని రాదు. ఒకానొక వస్తువు ఒకానొకని దేహమునకు శత్రువగును. పది సంవత్సరములు ముట్టుకొన్న వస్తువే పదునొకండవ యేట పడకపోవచ్చును. ఒకసారి పడకపోయిన పిదప ఆ విరోధము సాధారణముగా జీవితాంతము ఉండును. ఇందులో మోసమేమనగా, వస్తువు తగిలిన వెంటనే దురద రాదు; ఒకటి రెండు దినములకు, ఒక్కొకప్పుడు మూడు దినములకు బయటపడును. సోమవారమునాడు తగిలినదానికి బుధవారమునాడు కన్ను వాచినచో, బుధవారమునాటి పనినో, ఆనాడు తిన్న వంకాయకూరనో నిందింతుము. అసలు దోషి తప్పించుకొనును.

మూడవది పుట్టుకతో వచ్చు చర్మతత్త్వము. చిన్ననాట మోచేతి మడతలలో, మోకాలి వెనుక గజ్జి వలె వచ్చినవారికి, ఉబ్బసము లేక తుమ్ముల బాధ ఉన్న కుటుంబములవారికి రెప్పలపై ఇట్టి ఎగ్జిమా వచ్చుట కలదు. వీరి చర్మము తేమను నిలుపుకొనజాలదు.

నాలుగవది రెప్పల అంచుల వ్యాధి. ఇందులో రెప్పచర్మముకంటె వెండ్రుకల మొదళ్ళయందే చుండ్రువంటి పొలుసు కట్టును, ఉదయమున కండ్లు అతుకుకొనును, ఇసుక పడినట్లుండును. దీని వైద్యము వేరు.

ఈ నాలుగింటిలో ఏదియు ఒకరినుండి మరొకరికి అంటదు. కండ్లకలక అంటును, ఇది కలక గాదు. కావున ఇట్టి బాధగల కోడలిని, కూతురిని వేరుగా కూర్చుండబెట్టుటకు కారణము లేదు. వేడి చేసినదని పథ్యము పెట్టి, వంకాయ, ఎండుచేప మానిపించుటవలన పెద్దలకు మేలు కలుగుట మిక్కిలి అరుదు. మానవలసినది సాధారణముగా నోటికి పోవునది కాదు, చేతికి అంటునది.

మన పనిలో అనుమానింపదగినవి

ముడిపట్టు బరువులో సుమారు అయిదవవంతు మొదలు నాల్గవవంతు వఱకు జిగురుండును. దానిని తీయుటకు సబ్బుతోను చాకలిసోడాతోను ఉడికింతుము. ఈ నీరు మిక్కిలి క్షారము. ఆరోగ్యముగల చర్మము కొంచెము ఆమ్లగుణము కలది. క్షారజలము తగిలిన కొలది చర్మముపైనున్న రక్షణపొర కరగిపోయి, ఆ తరువాత తగిలిన ప్రతి వస్తువును లోనికి పోవుటకు దారి యేర్పడును. అనగా పట్టు ఉడికించు దినములలో తడిచేతితో కన్ను తుడుచుకొనుట, తరువాత రాబోవు ఎలర్జీకి తలుపు తెరచుట వంటిది.

ఇక రంగుల సంగతి. 1856లో ఇంగ్లండులో విలియం పెర్కిన్ అను యువకుడు తారునుండి లభించు పదార్థముతో ఊదారంగు చేసిన నాటినుండి కృత్రిమవర్ణములు లోకమంతట వ్యాపించినవి. వీనిలో అన్నియు ఒకే తీరున చర్మమును బాధింపవు. పాలియెస్టరుకు వాడు డిస్పర్స్ రంగులు ఎలర్జీ కలిగించుటలో పేరుపడినవి. నూలుకు వాడు రియాక్టివ్ రంగుల పొడి గాలిలో లేచి కన్నులను, ఊపిరిని కూడ బాధింపగలదు. పట్టుకు వాడు ఆమ్లవర్ణములవలన ఎలర్జీ తక్కువయే గాని లేకపోలేదు. బాగుగా పట్టించి, నీరు తేటపడువఱకు జాడించిన చిలపకంటె, డబ్బా మూత తీసి పొడి తూచునట్టి క్షణమే ఎక్కువ జాగ్రత్త పడవలసిన సమయము. సగము జాడించి తొందరలో ఇచ్చిన చిలప, చుట్టువారి వ్రేళ్ళకు రంగు విడుచును. రంగు విడుచు చిలపను ఎవరైనను తిరిగి ఇచ్చినచో అది నాణ్యముకొఱకే గాక ఆరోగ్యము కొఱకును న్యాయమైన పనియే.

మన దేశములో 1993లోను 1997లోను కొన్ని అద్దకపు రంగులను ప్రభుత్వము నిషేధించిన మాట వాస్తవము. అది క్యాన్సరు భయముచేత చేసిన నిషేధము. కాబట్టి నిషిద్ధవర్ణములు లేవు అను ముద్ర ఉన్నంతమాత్రమున ఆ రంగు రెప్పకు దురద కలిగింపదని తలపరాదు.

అయితే మగ్గముమీదనే నేరము మోపుట సరికాదు. ఇంటిలోను అనుమానింపవలసినవి చాల కలవు. తలకు వేయు నల్లరంగులోని పారాఫినిలీన్‌డయమిన్ అను పదార్థము రెప్పలను వాపజేయుటలో ప్రసిద్ధము. తల బాగుండి, కన్నులు మూసికొనిపోయిన సందర్భములుండును. ఈ పదార్థము పడనివారికి దానికి చుట్టమైన కొన్ని వస్త్రవర్ణములు కూడ పడకపోవచ్చును. కుంకుమ, అంటించు బొట్టుబిళ్ళల వెనుక జిగురు, గోళ్ళరంగు, సుగంధపు సబ్బులు, ముఖపు క్రీములు, కంటి అద్దముల చట్రములోని నికెల్ అను లోహము, సంవత్సరముల తరబడి వేసికొను కంటిచుక్కలు, అన్నియు ఈ జాబితాలోనివే. దుకాణపు సుర్మాలలో, కాటుకలలో కొన్నింట సీసము కనబడినది. పిల్లల కండ్లకు అవి పెట్టకుండుట మేలు.

రెండేండ్లకొకసారి చైత్రములో బుఢీఠాకురాణి యాత్ర వచ్చినపుడు మన వీథులలో మ్రొక్కులకు వేషములు కట్టుదురు; పులివేషమువారు ఒడలెల్ల పసుపుపచ్చని, నల్లని చారలు వ్రాసికొందురు. మ్రొక్కు తీర్చుకొనుట మానుమని మేము చెప్పబోము. కన్నులచుట్టు వ్రేలెడు మేర రంగు లేకుండ విడువవలెననియు, ముందుగా అచ్చట పెట్రోలియం జెల్లీ పలుచగా రాయవలెననియు, గోడలకు వేయు రంగు ముఖమునకు వాడరాదనియు, రంగు వదలించుటకు కిరసనాయిలు ముట్టరాదనియు మాత్రము చెప్పుదుము.

తామర మందు చేయు కీడు

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాము. మన భాషలో చర్మముపై దురదపెట్టు మచ్చలన్నిటిని తామర యనుట వాడుక. దుకాణములో తామర మందు ఇమ్మని అడిగినచో, బూజును చంపు మందుతోపాటు బలమైన స్టిరాయిడు కలిపిన ట్యూబు చేతికి వచ్చుట కలదు. కనురెప్పల ఎగ్జిమా బూజువలన వచ్చినది కాదు. అయినను ఆ ట్యూబు రాచిన రెండుదినములకే ఎఱుపు పోవును, దురద ఆగును. ఇంత మంచి మందు లేదని ఇరుగుపొరుగులకు చెప్పుదుము. మానిన వారమునకు మునుపటికంటె ఎక్కువగా తిరిగి వచ్చును, మరల రాతుము. ఇట్లు నెలలు, సంవత్సరములు గడచును.

ఈ లోపల జరుగునదేమి? ముందే పలుచనైన చర్మము ఇంకను పలుచబడి, సన్నని నెత్తుటినరములు పైకి కనబడును. మందు కంటిలోనికి దిగి లోపలి ఒత్తిడిని పెంచవచ్చును. దానినే గ్లాకోమా అను నీటికాసుల వ్యాధికి మూలమందురు. చిరకాలము వాడినచో కంటిపొర, అనగా శుక్లము, వచ్చుటయు కలదు. శుక్లమును శస్త్రచికిత్సతో తీయవచ్చును. ఒత్తిడివలన చచ్చిన కంటినరము మాత్రము తిరిగి రాదు. ఈ ఒత్తిడికి సాధారణముగా నొప్పి యుండదు. మొదట ప్రక్కచూపు తగ్గును. నేయువాని చూపు ఎదుటనున్న పన్నెమీదను నాడెమీదను నిలిచియుండును గనుక ప్రక్కచూపు పోవుచున్న సంగతి అతనికి చాలకాలము తెలియకపోవచ్చును. దురదను అణచుటకు చూపును వెల పెట్టుట ఏ నేతగానికిని గిట్టుబాటు కాని బేరము.

కనుక ట్యూబుమీది పేరును చదువుడు. బెటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అను పేర్లు కనబడినచో అది స్టిరాయిడు. ఇట్టి పైపూత మందులలో అనేకమును 2018లో ప్రభుత్వము షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చినది. అనగా వైద్యుని చీటి లేనిదే అమ్మరాదు. ఇంతకుముందే చాలకాలముగా వాడుచున్నవారు భయపడి తమంతట తాము ఒక్కసారి మానవలదు. మానినపుడు వాపు మిక్కుటముగా రావచ్చును. చర్మవైద్యునికి ట్యూబు చూపి, మానుక్రమమును తెలిసికొని, కంటివైద్యునిచే లోపలి ఒత్తిడిని కొలిపించుకొనవలెను.

వైద్యులు చేయు చికిత్స

స్టిరాయిడు అన్నంతనే విషమనియు తలపరాదు. వైద్యులు అవసరమైనచో హైడ్రోకార్టిసోన్ వంటి తక్కువ బలముగల దానిని కొద్దిదినములకు మాత్రము వ్రాయుదురు. తరువాత, మరల మరల వచ్చువారికి టాక్రోలిమస్ అను లేపనమును ఇచ్చుట కలదు. ఇది స్టిరాయిడు కాదు, చర్మమును పలుచబరచదు. మొదటి కొన్ని దినములు మంట పుట్టించును; ఆ మంటకు బెదరి చాలమంది మానివేయుదురు. ముందుగా చెప్పియుంచినచో ఓర్చుకొందురని ఇచట వ్రాయుచున్నాము. ఏ లేపనమైనను రెండు రెప్పలకు కలిపి పెసరగింజంత చాలును. ఇవి వైద్యుని చీటిమీద వాడవలసినవే.

చీటి లేకుండ ఎవరైనను చేయదగిన పని యొకటి యున్నది. వాసనయు రంగును లేని తెల్లని పెట్రోలియం జెల్లీని రాత్రి ముఖము కడిగిన పిదప, కొంచెము తడి యుండగనే పలుచగా రాయుట. వేపాకు ముద్ద, నిమ్మరసము, వెల్లుల్లి, కర్పూరము మొదలగువానిని రెప్పలకు పెట్టరాదు. ప్రకృతిసిద్ధములైనను ఇవి పుండు చేయగలవు.

రెప్పల అంచున పొలుసు కట్టువారు శుభ్రమైన గుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి, మూసిన కన్నులపై అయిదు మొదలు పది నిమిషముల వఱకు ఉంచి, పిదప తడిదూదితో వెండ్రుకల మొదళ్ళను నెమ్మదిగా తుడువవలెను. నీటి వేడిని ముందు మణికట్టు లోపలివైపున చూచుకొనవలెను. ఇది ఒకనాటి పని కాదు. పండ్లు తోముకొనుటవలె నిత్యకృత్యము కావలెను.

దోషిని పట్టు పరీక్ష

పడని వస్తువేదియో తెలిసికొనుటకు పాచ్ పరీక్ష కలదు. 1895లో జోసెఫ్ యాడాసోన్ అను చర్మవైద్యుడు దీనిని లోకమునకు తెలిపినాడు. అనుమానింపదగిన పదార్థములను కొద్దికొద్దిగా బిళ్ళలలో నుంచి వీపున అంటింతురు. రెండు దినములకు తీసి చూతురు. మరల ఒకటి రెండు దినములకు ఇంకొకసారి చూతురు. ఈ నడుమ వీపు తడువరాదు, చెమట పట్టరాదు, వంగి శ్రమింపరాదు. కనుక బరంపురపు వేసవిలో ఇది కష్టము, చలిదినములు మేలు. ఒక పడుగు దిగి మరియొక పడుగు ఎక్కించు నడిమి దినములను ఇందుకు ఏర్పరచుకొన్నచో కూలి నష్టము తగ్గును.

బరంపురములో 1962లో స్థాపింపబడిన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాల ఆసుపత్రి మనవారికి చేరువలో నున్నది. అక్కడగాని, మరియొకచోటగాని చర్మవైద్యుని చూచునపుడు ఒట్టిచేతులతో పోవలదు. వాడిన ట్యూబులు, కంటిచుక్కల సీసాలు, ఉపయోగించు రంగుల డబ్బాల మీది పేర్లు వ్రాసిన కాగితము, తలరంగు పెట్టె తీసికొనిపోవుడు. వృత్తి ఏమని అడిగినపుడు నేత యని మాత్రమే గాక, పట్టు ఉడికింతుమా, రంగు వేయుదుమా, కండెలు చుట్టుదుమా, నేయుదుమా యని వివరించి చెప్పుడు. వైద్యునికి అందులోనే సగము జాడ దొరకును.

మఱియొక ఉపాయము మనచేతిలోనే యున్నది. కూలి లెక్క వ్రాయు చిట్టాలోనే ప్రక్కన, ఆనాడు చేసిన పని, ముట్టిన రంగు, ముఖమునకు పూసినది, దురద ఎంత యున్నది అను నాలుగు మాటలు రెండు నెలలపాటు వ్రాయుడు. దురద వచ్చిన దినమును గాక, దానికి ముందరి మూడు దినములను చూడుడు. క్రీము, కాటుక వంటివి పడునో పడవో చూచుటకు మోచేతి లోపలి మడతలో ఉదయము సాయంకాలము ఒక వారము రాచి చూడవచ్చును. రంగుపొడిని, సోడాను, సబ్బును మాత్రము ఇట్లు పరీక్షింపరాదు. అవి పుండు చేయును.

నిత్యము పాటింపవలసినవి

1. ముఖము తుడుచుకొను తువ్వాలు వేరు, చేతులు తుడుచుకొను గుడ్డ వేరు. ముఖపు తువ్వాలును మగ్గముమీద వేయరాదు.

2. కన్ను ముట్టకముందు చేతులు కడుగవలెను. రంగు వదలించుటకు బ్లీచింగుపొడి, కిరసనాయిలు వాడరాదు. గోళ్ళు కురుచగా నుంచవలెను; గోటి సందున రంగు నిలుచును.

3. రంగుపొడిని ఫానుగాలిలో తూచరాదు. నెమ్మదిగా తీసి, కొంచెము నీటితో ముద్దచేసి, తరువాత కలుపవలెను. పిల్లలను దూరముగా నుంచవలెను.

4. ఉడికించునపుడును రంగువేయునపుడును రబ్బరు తొడుగులు, వాని లోపల నూలు తొడుగులు వేసికొనవలెను. రబ్బరు పడనివారు వేరొకరకపు తొడుగులు తెచ్చుకొనవలెను.

5. దురద వచ్చినపుడు నలుపుటకు మారుగా చల్లని తడిగుడ్డను మూసిన కంటిపై అద్దవలెను. సంవత్సరముల తరబడి కండ్లు నలుపుటవలన నల్లగుడ్డు ముందరి పొర సన్నబడి ముందుకు పొడుచుకొని వచ్చి, చూపు మసకబారుట కలదు.

6. నేయునపుడు రెప్పవేయుట మరతుము. కన్ను ఎండును, చేయి దానిమీదికి పోవును. అప్పుడప్పుడు చూపు ఎత్తి దూరమును చూడవలెను. చత్వారమునకు అద్దములు కావలసినవారు ఆలస్యము చేయరాదు.

ఎప్పుడు ఆలస్యము కూడదు?

చూపు మందగించినను, కంటిలోపల నొప్పి కలిగినను, వెలుతురు చూడలేకపోయినను, వాపుతో జ్వరము వచ్చినను, కనుగుడ్డు కదలించుట కష్టమైనను, నొసట నొకవైపు మాత్రమే అక్కి పొక్కులు లేచినను ఆనాడే కంటివైద్యుని చూడవలెను. క్షారజలముగాని ఆమ్లముగాని కంటిలో చిందినచో ముందుగా మంచినీటితో కనీసము పావుగంట కడిగి, పిదప ఆసుపత్రికి పోవలెను. కడుగుటకు ముందు ఎవరినో వెదకుచు కాలము పోగొట్టరాదు.

ఈ వ్యాధి ఒకనాటితో సమూలముగా పోవునని ఎవరైనను హామీ ఇచ్చినచో నమ్మవలదు. పడని వస్తువు తెలిసి దూరముగా నుంచినవారికి ఇది చాలవఱకు శాంతించును. పుట్టుకతత్త్వము గలవారు చర్మమును కాపాడుకొనుచు, దానిని అదుపులో నుంచుకొని సుఖముగా పని చేసికొనవచ్చును. ఒక్క మనిషి జాగ్రత్తతోనే ఇది తీరదు. ఉడికించువారు, రంగువేయువారు, చుట్టువారు, నేయువారు తమ తమ వంతు జాగ్రత్తను పాటించినపుడే వీథి యంతటికిని మేలు. సోదరీసోదరులు ఈ వ్యాసమును చదువనేర్వని పెద్దలకు చదివి వినిపింతురనియు, ఇంటిలో దాచియున్న ట్యూబులను ఈ పూటయే వెలుతురులో పెట్టి పేర్లు చూతురనియు ఆశించుచున్నాము.